నిజామాబాద్ బ్యాండులో గూంగా

ఉద్యోగంలో కొత్తగా చేరి, జేబు నిండా విజిటింగ్ కార్డులు, మనసు నిండా గర్వం పెట్టుకుని తిరిగిన ఆ రోజుల్లో, దేశం మొత్తంలో నిజామాబాద్ అంత సంగీతం ఉన్న ఊరు మరొకటి లేదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఆ ఊరికి పేరు పసుపు వల్ల కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని పసుపుకు చప్పుడుండదు. నా నిద్ర చెడగొట్టిన వాటినే నేను లెక్కలోకి తీసుకుంటున్నాను.) తెల్లవారకముందే అజాన్ వినిపించేది, దాని వెనకే గుడి మైకు గొంతు సవరించుకునేది. ఎండ ఎక్కేసరికి మార్కెట్ యార్డు వైపు నుంచి బస్తాలెత్తే హమాలీలు అందరూ కలిసి అనే ఊపు పదాలు మొదలయ్యేవి. మూలమీది హోటల్లో చాయ్ మరిగినంతసేపూ పాత గజళ్ళు మరిగేవి. బస్టాండులో నాందేడ్, దెగ్లూరు బస్సులకు మనుషుల్ని పిలిచే మరాఠీ గొంతులు కూడా ఒక రాగంలోనే ఉండేవి. వీటన్నిటి మీదా పెత్తనం మాత్రం బ్యాండుదే. బోధన్‌లో పెళ్ళయినా, వర్నిలో పెళ్ళయినా, సరిహద్దు దాటి మహారాష్ట్ర పల్లెల్లో పెళ్ళయినా, కాస్త ఉన్నవాళ్ళు మా ఊరికొచ్చి బ్యాండు మాట్లాడుకుని పోయేవాళ్ళు. "నిజామాబాద్ బ్యాండు పెట్టినం" అని చెప్పుకోవడం, అల్లుడికి బండి పెట్టామని చెప్పుకున్నంత గొప్ప.

ఆ బ్యాండు దుకాణాలన్నీ ఉన్న గల్లీలోనే, ఒక బ్యాండు దుకాణం పైన, నేను గది అద్దెకు తీసుకున్నాను. అద్దె ఎందుకంత తక్కువో ఇంటాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మరునాడు పొద్దున నా మంచం కింద ఇరవై బర్రెలు ఒక్కసారి ఈనినట్టు చప్పుడైనప్పుడు తెలిసింది.

నేను ఖమ్మం వైపు వాణ్ణి. పొలాలకు నీళ్ళ బొట్లు వదిలే సన్న పైపులు అమ్మే కంపెనీలో ఉద్యోగం. పసుపు రైతులకూ బోధన్ వైపు చెరకు రైతులకూ ఆ పైపుల మహిమ చెప్పడం నా పని. ఊళ్ళో కంపెనీకి ఆఫీసు ఉంది గాని, ఆ ఆఫీసులో నేను తప్ప ఎవరూ లేరు. నేనే తాళం తీసేవాణ్ణి, నేనే లోపలికెళ్ళి కూర్చునేవాణ్ణి, ఫోన్ మోగితే నేనే ఎత్తి "సార్ ఉన్నారు, ఇస్తాను" అని కాసేపాగి గొంతు మార్చి మాట్లాడేవాణ్ణి. (కంపెనీ పరువు కోసం. మొదట్లో అంతే. తర్వాత్తర్వాత ఆ రెండో గొంతు నాకు తోడుగా అనిపించేది.) వారమంతా రైతులతో పైపుల గురించి తప్ప వేరే మాట ఉండేది కాదు. ఆదివారం అదీ ఉండేది కాదు. ఆదివారాలు బస్టాండుకు వెళ్ళి విచారణ కిటికీ దగ్గర ఖమ్మం పోవాలంటే ఏ బస్సు ఎక్కాలని అడిగేవాణ్ణి. వెళ్ళడానికి కాదు. ఎవరో ఒకరు నా మొహం చూసి నాలుగు ముక్కలు మాట్లాడతారని. కొన్నాళ్ళకు కిటికీ లోపలి పెద్దమనిషి నన్ను చూడగానే, కోపం లేకుండానే, "మీరు పొయ్యేదైతే లేదు గదా సారూ" అన్నాడు. ఆ తర్వాత బస్టాండుకు వెళ్ళడం మానేశాను. మా అక్క ఫోన్ చేసి ఊరెలా ఉందిరా అనడిగితే, సంగీతం బాగుందని చెప్పేవాణ్ణి. ఆమె నమ్మేది కాదు. చిన్నప్పుడు నేను బడిలో ప్రార్థన పాడితే హెడ్మాస్టరు నన్ను చివరి వరుసలోకి పంపిన సంగతి ఆమెకు తెలుసు.

ఒక పొద్దున ఇక ఓర్చుకోలేక, కింది బ్యాండు వాళ్ళతో గట్టిగా మాట్లాడదామని దిగాను. మెట్లు దిగుతూ మనసులో ఉపన్యాసం తయారుచేసుకున్నాను. నేనొక కంపెనీ ఆఫీసరునని, నాకు లెక్కలు చూసుకునే పని ఉంటుందని, ఇది మర్యాదస్తులు ఉండే గల్లీ అని. దుకాణంలో గోడల నిండా ఎర్ర కోట్లు వేలాడుతున్నాయి. ఇత్తడి బూరలు నేల మీద బోర్లా పడుకుని ఉన్నాయి. మధ్యలో బొంత మీద ఒక సన్నటి పెద్దాయన, గోరింటాకు పెట్టిన గడ్డంతో, క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని అందరూ మాస్టర్ సాబ్ అనేవారు. నన్ను చూడగానే లేచి, చప్పుడు జర ఎక్కువైతున్నదా సారూ అని ఆయనే అడిగి, నేను నోరు తెరిచేలోపు కూర్చోబెట్టి, చాయ్ తెమ్మని కేకేశాడు. అన్ని నెలల్లో ఆ ఊళ్ళో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆయనే. (రైతులు కూడా నిలబెట్టే మాట్లాడేవారు. కూర్చుంటే లేవనని భయం.) చాయ్ గొంతు దిగేసరికి నా ఉపన్యాసం కూడా దిగిపోయింది. "బాగుంది. ఇంకోసారి వాయిస్తారా" అన్నాను. నా నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియలేదు.

అప్పటినుంచి సాయంత్రాలు ఆ దుకాణంలోనే కూర్చునేవాణ్ణి. నన్ను వాళ్ళు పైపుల సారు అనేవారు. పెద్ద డోలు వాయించే ఆయన నాకంటే పెద్దవాడు, నన్ను మొదటి రోజు నుంచే తమ్ముడూ అన్నాడు. వాళ్ళు వాయిస్తుంటే నేను తల ఊపేవాణ్ణి. ఎప్పుడు ఊపాలో తెలియక అన్నిచోట్లా ఊపేవాణ్ణి. అయినా దుకాణం మూసే వేళకు వాళ్ళంతా ఇళ్ళకు పోయేవారు, నేను మెట్లెక్కేవాణ్ణి. చప్పుడు లేని బ్యాండు దుకాణం మీద పడుకోవడం ఎంత కష్టమో, పడుకున్నవాడికే తెలుస్తుంది.

మాఘమాసం వచ్చింది. ఊళ్ళో గాలంతా పసుపు వాసన, రోడ్లమీదంతా చెరకు ట్రాక్టర్లు, గల్లీ నిండా పెళ్ళివాళ్ళు. ఒకరోజు మాస్టర్ సాబ్ స్వయంగా మెట్లెక్కి నా గదికొచ్చాడు. మంచం చివర కూర్చుని, కాసేపు గోడల వంక, కాసేపు నా వంట పాత్రల వంక చూసి, సంగతి చెప్పాడు. ఆదివారం బోధన్‌లో పెద్ద పెళ్ళి ఉందట. పిల్ల తరఫువాళ్ళు నిండైన బ్యాండు కావాలన్నారట. మనుషులు తక్కువ పడుతున్నారట. ఊదనక్కరలేదు, కోటు వేసుకుని బాజా పట్టుకుని నిలబడితే చాలు, అలాంటివాణ్ణి బ్యాండులో గూంగా అంటారని చెప్పాడు. గూంగా అంటే మూగవాడు.

"జర మా ఇజ్జత్ కాపాడాలె సారూ" అన్నాడు.

ఒక పెద్దమనిషి నా గదికొచ్చి తన పరువు నా చేతుల్లో పెట్టాడు. నేను కాదంటే బోధన్ పెళ్ళి ఏమైపోతుంది? నిజామాబాద్ పేరు ఏమైపోతుంది? వెంటనే ఒప్పేసుకున్నాను. ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదని చెప్పడానికి ఇప్పుడు కొంచెం సిగ్గుగానే ఉంది.

మూగవాడి వేషం సులువనుకుంటే పొరపాటు. మాస్టర్ సాబ్ నాకు ప్రత్యేకంగా పాఠం చెప్పాడు. మెడకు చుట్టుకుని, భుజం మీదుగా పైకి లేచి, పెద్ద నోరు తెరుచుకుని ఉండే ఇత్తడి బాజా నాకిచ్చాడు. బుగ్గలు ఉబ్బాలి, కళ్ళు కొంచెం పైకి పోవాలి, ఛాతీ ఎగిరెగిరి పడాలి, గాలి మాత్రం బాజాలోకి పోకూడదు. "చప్పుడు రావద్దు సారూ. కష్టం కనవడాలె" అన్నాడు. (తర్వాతి రోజుల్లో ఎన్నో ఆఫీసుల్లో పనిచేశాను. ఈ విద్యలో ఆరితేరినవాళ్ళను చాలామందిని చూశాను గాని, ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు.) ఆ వారమంతా అద్దం ముందు బుగ్గలు ఉబ్బించి సాధన చేశాను. నడుస్తూ చేశాను, ఆఫీసులో చేశాను. చివరికి మెస్సులో వడ్డించే ఆయన నా మొహం చూసి గవదబిళ్ళలనుకుని, దూరం నుంచే అన్నం గిన్నె నెట్టాడు.

ఆదివారం పొద్దున అందరం ఒక పాత డీసీఎం వ్యానులో బోధన్ బయలుదేరాం. నాకిచ్చిన ఎర్ర కోటు ఎవరో భారీ మనిషిది. అందులో నాతో పాటు ఇంకొకడు కూడా పట్టేవాడు. ప్యాంటు మాత్రం ఎవరో పొట్టివాడిది. టోపీ కనుబొమల మీదికి జారుతుంటే డోలన్న లోపల పాత గుడ్డ కుక్కి సరిచేశాడు. దారిలో ఎవరో రొట్టె తుంచి ఇచ్చారు, ఇంకెవరో పచ్చడి పెట్టారు. ఒకరి మోకాలు నా వీపుకు గుచ్చుకుంటోంది, నా బాజా ఇంకొకరి చెవిని నొక్కుతోంది. అంత ఇరుకులో, అంత మంది మధ్య, ఆ ఊరికొచ్చాక నేను ఎప్పుడూ కూర్చోలేదు. బోధన్ తొందరగా వచ్చేసిందని నాకు బాధేసింది.

ఎదురుకోళ్ళ వేళకు పెళ్ళికొడుకు గుర్రమెక్కాడు. విడిది నుంచి ఫంక్షన్ హాలు దాకా ఊరేగింపు. నేను చివరి వరుసలో నిలబడ్డాను. బ్యాండు మొదలవగానే బుగ్గలు ఉబ్బించాను, కళ్ళు పైకి తిప్పాను, ఛాతీ ఎగరేశాను. ఎంత బాగా చేశానంటే, పక్కన నడుస్తున్న ఒక ముసలవ్వ నా మీద జాలిపడి, బిడ్డా జర ఆగి ఊదరాదు, పానం పోతది అని చెప్పింది.

అంతా సవ్యంగా పోతుండగా ముందు చౌరస్తాలో చెరకు ట్రాక్టరు ఒకటి అడ్డం తిరిగి ఆగిపోయింది. ఊరేగింపు ఆగింది. ఊరేగింపు ఆగితే బ్యాండు ఆగకూడదట, అందుకని అదే పాట మళ్ళీ మొదలుపెట్టారు. అప్పుడే వెండి బుడ్డితో పన్నీరు చల్లుతూ పిల్ల మేనమామ మా వరుసలోకి వచ్చాడు. చూస్తే బోధన్‌లో మా పైపులన్నీ అమ్మిపెట్టే సేఠ్. నెలనెలా నేను టై కట్టుకుని వెళ్ళి, కంపెనీ అంటే ఏమిటో, హోదా అంటే ఏమిటో వివరించి వచ్చే సేఠ్. ఆయన చేతిలో పన్నీరు బుడ్డి ఆగిపోయింది. "సారూ... మీరేనా?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. ఎలా చెప్పను? నోట్లో బాజా ఉంది. చెప్పకుండా ఉండటానికి అంతకంటే మంచి దారి కనిపించక, ఇంకా గట్టిగా బుగ్గలు ఉబ్బించాను. ఆయన మర్యాదస్తుడు. ఒక మనిషి పని చేసుకుంటుంటే మధ్యలో ఆపకూడదని అక్కడే నిలబడి పాట అయ్యేదాకా వేచి చూశాడు. ఆ పాట కూడా ఎంతకీ అవ్వదు, ట్రాక్టరు ఎంతకీ కదలదు. నేను ఆయన కళ్ళలోకి చూడకుండా ఆకాశంలోకి చూస్తూ, లేని ఊపిరి ఊదుతూ, చెమటలు కారుస్తూ నిలబడ్డాను. చివరికి పాట అయింది. ఆయన దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, "కంపెనోళ్ళు జీతమిస్తలేరా సారూ?" అని అడిగాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఒక్కణ్ణే ఉండలేక వచ్చానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అది జీతం లేకపోవడం కంటే చిన్నతనం అనిపించింది. "అదేం లేదు సేఠ్. శౌక్. సంగీతమంటే శౌక్" అన్నాను, సరదా కొద్దీ వచ్చినట్టు.

అదే నా కొంప ముంచింది. సేఠ్ మొహం వెలిగిపోయింది. వెంటనే వెనక్కి తిరిగి, ఈయన మా పైపుల కంపెనీ సారు, పెద్ద చదువు చదివినాయన, శౌక్ కొద్దీ మన పిల్ల పెళ్ళికి స్వయంగా వచ్చిండు అని అందరికీ చాటాడు. ట్రాక్టరు కదిలేదాకా సారు ఒక్కడే ఒక పాట వాయిస్తాడని కూడా ఆయనే ప్రకటించాడు. బంధువులు చుట్టూ మూగారు. పెళ్ళికొడుకు గుర్రం మీదినుంచి వంగి చూశాడు. నేను మాస్టర్ సాబ్ వంక చూశాను. ఆయన మొహంలో ఏ కంగారూ లేదు, కళ్ళతోనే కానిమ్మన్నాడు.

బాజాలోకి గాలి వదలడం నా జీవితంలో అదే మొదలు. "భోం" అని ఒక శబ్దం వచ్చింది. అది పాట కాదు, పాటకు చుట్టం కూడా కాదు. గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. చెరకు తోటల వైపు నుంచి ఒక బర్రె బదులు పలికింది. (ఇది నేను కల్పించింది కాదు, పెళ్ళి వీడియోలో ఉందట.) జనం ఊపిరి బిగబట్టారు. నవ్వు రాబోతోంది, నాకు తెలుస్తూనే ఉంది. సిగ్గుతో బాజా దించబోయాను.

"ఆపకుండ్రి సారూ. గదే ఊదుండ్రి" అని పక్కనుంచి మాస్టర్ సాబ్ గొంతు వినిపించింది.

మళ్ళీ ఊదాను. అదే "భోం". ఈసారి దాని పక్కకు క్లారినెట్ వచ్చి నిలబడింది. నా శబ్దం చుట్టూ తిరిగింది, దాని మీద కూర్చుంది, దాన్ని వదిలి దూరంగా పోయి మళ్ళీ దాని దగ్గరికే వచ్చింది. నేను ఊదుతున్నదే ఏదో రాగానికి ఆధారం అన్నట్టు ఆయన వాయించుకుంటూ పోయాడు. డోలన్న నా ఊపిరి పట్టి దెబ్బ వేశాడు. నేను ఊదినప్పుడు డోలు పలికింది, ఊపిరి తీసుకున్నప్పుడు డోలు ఆగింది. సేఠ్ భుజం మీది కండువా తీసి గాల్లో తిప్పుతూ ఎగరడం మొదలుపెట్టాడు. ఇందాకటి ముసలవ్వ చప్పట్లు కొట్టింది. ట్రాక్టరు డ్రైవరు బండి దిగి వచ్చి ఆడుతుంటే, ఇక దారి ఎవరికి కావాలి? నాకు తల తిరుగుతోంది, పెదవులు మండుతున్నాయి, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఒక్క శబ్దం తప్ప ఇంకేమీ రానివాడు కూడా అంతమంది మధ్యలో పనికొస్తాడని నాకు అంతవరకు తెలియదు. ఇంకాసేపు ట్రాక్టరు కదలకుండా ఉంటే బాగుండుననిపించింది. కదిలింది.

భోజనాల దగ్గర సేఠ్ స్వయంగా వచ్చి నా విస్తట్లో లడ్డూలు వేశాడు. వద్దంటే ఇంకొన్ని వేశాడు. తినుండ్రి సారూ, తినుండ్రి అంటూ, నేను నమిలినంతసేపూ నా మొహం వంకే ఆప్యాయంగా చూశాడు. కళాకారుణ్ణి చూసే చూపు అదేనని నేను మురిసిపోయాను.

వారం తిరక్కుండా హైదరాబాద్ నుంచి మా మేనేజరు ఫోన్ చేశాడు. నేను ఎప్పటిలాగే "సార్ ఉన్నారు, ఇస్తాను" అని గొంతు మార్చబోతే, ఆయన బాధగా, "వద్దు బాబూ, నువ్వేనని మాకు మొదట్నుంచీ తెలుసు" అన్నాడు. బోధన్ సేఠ్ ఆయనకు ఫోన్ చేశాడట. మీ సారు నాతో శౌక్ అని చెప్పిండు గాని నేను నమ్మలేదు, శౌక్ ఉన్నోడు గట్ల ఊదడు, ఆకలున్నోడే ఊదుతడు అన్నాడట. ఆ మాట కంపెనీ పెద్దల దాకా పోయి వాళ్ళు సిగ్గుపడ్డారట. అందుకని నాకు జీతం పెంచి, హైదరాబాద్ హెడ్డాఫీసుకు మార్చేశారు. మంచి వార్త కదా అని మేనేజరు అడిగాడు. మంచి వార్తే అన్నాను. ఆ ఊరికొచ్చిన మొదటి నెలలో ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే వాళ్ళ కాళ్ళకు దండం పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఏం చెప్పను? ఇక్కడ నన్ను తమ్ముడూ అని ఒకాయన పిలుస్తున్నాడు, కాబట్టి జీతం పెంచకండి అంటే ఏ కంపెనీ వింటుంది?

నేను వెళ్ళిపోయిన రోజు గట్టి ముహూర్తం ఉన్న రోజు. బ్యాండు మొత్తం పొద్దున్నే వర్ని పెళ్ళికి పోయింది. నా సంచి తీసుకుని మెట్లు దిగేసరికి గల్లీలో షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. ముందు రోజు సాయంత్రమే అందరికీ చెప్పాను, చాయ్ కూడా తాగాం. అయినా ఎవరో ఒకరు ఉంటారేమోనని కాసేపు మూసిన షట్టరు ముందు నిలబడ్డాను. ఆ గల్లీ అంత నిశ్శబ్దంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆటో పిలుచుకుని బస్టాండుకు పోయాను.

తర్వాత హైదరాబాద్, పెళ్ళి, పిల్లలు, ఇంకో కంపెనీ. మొన్న శీతాకాలంలో పనిమీద నిజామాబాద్ పోవాల్సి వచ్చింది. గల్లీ గుర్తుపట్టడం కష్టమే అయింది. ఇప్పుడు అక్కడ చాలా దుకాణాల్లో డీజే పెట్టెలు అద్దెకిస్తున్నారు. మాస్టర్ సాబ్ దుకాణం ఆయన కొడుకు నడుపుతున్నాడు. నల్లటి స్పీకర్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. తండ్రి నాందేడ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడని, దమ్ము ఆడక ఊదుడు బంద్ చేసిండని చెప్పి, మీరెవరని అడిగాడు. మీ నాన్న బ్యాండులో ఒకప్పుడు ఉన్నానన్నాను. చెప్పేటప్పుడు నా గొంతులో ఎంత దర్జా పలికిందో నాకే వినిపించింది.

"ఏం వాయిస్తుంటిరి అన్నా?"

"ఏం వాయించలేదు. గూంగా."

ఇది విని అతను ఆశ్చర్యపోతాడని, ఆ బోధన్ పెళ్ళి కథ చెప్పమంటాడని కాస్త ఆగాను. అతను ఒక వైరు చుడుతూ మామూలుగా తల ఊపాడు.

"గట్ల చానమంది ఉండేటోళ్ళు అన్నా. బ్యాంకు సారు ఒగాయన, మందుల కంపెనీ ఆయన ఒగాయన. మా అబ్బాకు మనుషులు తక్కువేం లేకుండె. ఊరుగాని ఊర్ల ఒక్కళ్ళే ఉంటున్నోళ్ళు కనవడితే చాలు, కోటు తొడిగించి తీస్కపోతుండె" అన్నాడు.

చాయ్ తాగమంటే తాగాను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. కారెక్కి చాలాదూరం, హైదరాబాద్ హైవే ఎక్కేదాకా, నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. నిజామాబాద్ బ్యాండు పరువంతా తన రెండు బుగ్గల మీద నిలబడి ఉందనుకుని, వారం రోజులు అద్దం ముందు చెమటలు కక్కిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? పాపం, తనను ఎవరో మోసుకుపోతున్నారని తెలియక, తానే వాళ్ళను మోస్తున్నాననుకున్నాడు.